స్టెంట్ పడ్డాక ఇంట్లో ఏ నూనె వాడాలి?

చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీ నాన్నగారికి 58 ఏళ్ళు, పోయిన నెల గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. డిశ్చార్జి రోజున "నూనె బాగా తగ్గించండి" అని ఒక్క మాట చెప్పి పంపారు. అప్పట్నుంచి అమ్మగారు కూరలన్నీ ఉడకబెట్టే పెడుతున్నారు. ఆయనకి అవి సయించక చారన్నం, పెరుగన్నంతో కడుపు నింపుకుంటున్నారు. పెదనాన్నగారు కొబ్బరినూనె వాడమంటున్నారు, మేనత్తగారు నెయ్యి తింటే గుండె బాగుపడుతుందంటున్నారు, మీ అన్నయ్య చెక్క గానుగ పల్లీ నూనె ఐదు లీటర్ల డబ్బా తెచ్చిపెట్టారు. తాజా రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 260. ఏ నూనె వాడాలి, ఆవకాయ పూర్తిగా మానెయ్యాలా అని అడిగారు.

నేను 24 ఏళ్ళుగా డైటీషియన్‌ని. అందులో ఎక్కువ కాలం గుండె జబ్బుల వార్డులోనే గడిచింది. మీలాంటి ఇళ్ళని చాలా చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మందుల సంగతి. స్టెంట్ పడినవాళ్ళకి ఎల్‌డీఎల్ 55 కంటే కిందికి తేవాలని ఇప్పుడు కార్డియాలజిస్టులు చూస్తారు. 142 నుంచి అక్కడికి తిండి ఒక్కటే మార్చి రావడం అయ్యే పని కాదు. రాత్రి వేసుకునే, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఎవరేం చెప్పినా ఆపనివ్వకండి. నూనె మార్చాం కదా, ఇంక మాత్ర ఎందుకు అనుకుని ఆపేసి మళ్ళీ ఆంబులెన్స్‌లో వచ్చినవాళ్ళని చూశాను. నేను చెప్పబోయేదంతా మాత్రతో పాటు చేయాల్సింది.

ఇక మీ రిపోర్టులో నన్ను ఎక్కువ కలవరపెట్టిన అంకె 260. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. అవి నూనె వల్లే పెరుగుతాయని అందరూ అనుకుంటారు. మన ఇళ్ళలో చాలామందికి అవి పెరిగేది అన్నం, చక్కెర, మద్యం వల్ల. అవసరానికి మించి తిన్న పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆ కొవ్వే రిపోర్టులో ట్రైగ్లిజరైడ్ల పేరుతో కనపడుతుంది. మీ నాన్నగారు కూర మానేసి చారన్నం రెండుసార్లు కలుపుకుంటున్నారంటే, ఒక పక్క తగ్గించింది ఇంకో పక్క పెంచుతున్నారన్నమాట.

ఇది నాకు మా నాన్నగారి దగ్గరే తెలిసొచ్చింది. ఆయనకీ ఇలాగే నూనె మానమన్నారు. మా అమ్మ శ్రద్ధగా మాన్పించింది. ఆయన పొద్దున నాలుగు ఇడ్లీలు తినేవారల్లా ఆరు తినడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మజ్జిగన్నం ఇంకో మారు వడ్డించుకునేవారు. మూడు నెలలకి ట్రైగ్లిజరైడ్లు తగ్గకపోగా ఇంకా పెరిగాయి. రోజూ పదిమందికి డైట్ చార్టు రాసే నేను, మా నాన్న కంచంలో ఏం పెరిగిందో చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి ఎవరైనా ఏదైనా మానేశామంటే, దాని బదులు ఏం తింటున్నారని అడగకుండా ఊరుకోను. కొవ్వుల గురించి నేర్చుకున్నవన్నీ పక్కన పెట్టి ఒక్క మాటే చెప్పమంటే ఆ ప్రశ్నే చెప్తాను.

అసలు నూనె బొత్తిగా లేకపోయినా శరీరం నడవదు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకి కొవ్వు ఏమాత్రం లేని తిండి పెట్టి చూశారు. మిగతా పోషకాలన్నీ ఇచ్చారు. కొన్ని నెలలకి వాటి చర్మం పొలుసులు లేచింది, తోకలు పుండ్లు పడ్డాయి, ఎదుగుదల ఆగిపోయింది. లినోలిక్ ఆమ్లం ఉన్న కొవ్వు కొద్ది చుక్కలు ఇస్తే కోలుకున్నాయి. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే ఈ రెండు కొవ్వు ఆమ్లాలని మన శరీరం కూడా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. మొదటిది ఒమేగా 6 రకం, రెండోది ఒమేగా 3 రకం. మన కణాల గోడలు కట్టడానికి కొవ్వు కావాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కావాలి. తోటకూర, మునగాకు నీళ్ళలో ఉడకబెట్టి పెడితే వాటిలోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) సరిగ్గా ఒంటపట్టదు. అదే కూరకి ఒక స్పూను నూనెతో పోపు పెడితే పడుతుంది. కాబట్టి అమ్మగారికి చెప్పండి, పోపు పెట్టొచ్చు. పోపు లేని కూర ఆయన తినట్లేదు, తినని కూర వల్ల ఆయనకి ఏ లాభమూ లేదు.

అయితే ఎంత? ఇక్కడే చాలా ఇళ్ళలో లెక్క తప్పుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషికి వంటనూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు అని ఉంది. టీస్పూన్లలో చెప్తే ఆరు. మీ నాన్నగారికి నాలుగుతో సరిపెట్టండి.

ఆరు స్పూన్లంటే బోలెడని అనిపిస్తుంది. ఒకసారి మా వంటింట్లో పోపు వేసే గరిటె నిండా నూనె పోసి, అందులోంచి టీస్పూనుతో ఒక్కొక్కటే గిన్నెలోకి కొలిచాను. తొమ్మిది వచ్చాయి. గుత్తొంకాయకి నేను ఆ గరిటెతో రెండు వేసేదాన్ని, అంటే 18 స్పూన్లు. నలుగురం తింటే మనిషికి నాలుగున్నర. రోజంతటికీ ఆరున్నప్పుడు ఒక్క వంకాయ కూరకే నాలుగున్నర అయిపోయాయి. ఇంకా పొద్దున దోసె, సాయంత్రం పకోడీ లెక్కలోకే రాలేదు. ఈ కొలత మీ ఇంట్లో మీ గరిటెతో ఒకసారి చేసి చూడండి. అమ్మగారి చేతే చేయించండి, మీరు చెప్తే నొచ్చుకుంటారు, కళ్ళారా చూస్తే ఆవిడే తగ్గిస్తారు.

దీనికంటే తేలికైన లెక్క నెల సరుకులది. మనిషికి రోజుకి 27 గ్రాముల చొప్పున నలుగురికి నెలకి 3,240 గ్రాములు. లీటరు నూనె బరువు 910 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి మూడున్నర లీటర్లు. నెయ్యి కూడా ఇందులోదే. ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండా అయిపోతోందంటే, అది గానుగ నూనె అయినా ఇంకేదైనా ఎక్కువే. గానుగలో ఆడించినా, ఫ్యాక్టరీలో తీసినా ఒక గ్రాము కొవ్వులో ఉండేది 9 క్యాలరీలే. మంచి నూనె అని తెలిశాక ఇంకో గరిటె పోసేవాళ్ళని చాలామందిని చూశాను, అందుకే చెప్తున్నాను.

ఇప్పుడు ఏ నూనె అన్న ప్రశ్న. నూనెలన్నిటిలోనూ సంతృప్త, ఏక అసంతృప్త, బహుళ అసంతృప్త అనే మూడు రకాల కొవ్వు ఆమ్లాలూ ఉంటాయి, పాళ్ళే వేరు. వాటి తేడా కట్టెల మోపుతో చెప్తాను. సరుగుడు కర్రలు తిన్నగా ఉంటాయి, మోపు కడితే ఒకదాన్నొకటి ఆనుకుని బిగుసుకుపోతాయి. తుమ్మ కొమ్మలు వంకరగా ఉంటాయి, ఎంత బిగించి కట్టినా మధ్యలో ఖాళీలుంటాయి. సంతృప్త కొవ్వు సరుగుడు కర్రల్లాంటిది. అందుకే నెయ్యి, కొబ్బరినూనె చలికాలం పొద్దున్నే గడ్డకట్టి ఉంటాయి. అసంతృప్త కొవ్వు అణువు మధ్యలో వంపు ఉంటుంది. అందుకే పల్లీ నూనె, నువ్వుల నూనె సీసాలో ద్రవంగానే ఉంటాయి. ఒక వంపు ఉంటే ఏక అసంతృప్తం, రెండు మూడు ఉంటే బహుళ అసంతృప్తం.

సంతృప్త కొవ్వు గుండెకి ఎందుకు మంచిది కాదో కూడా చెప్తాను. లివర్ కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే ద్వారాలుంటాయి. వాటిని కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే ఆ ద్వారాల పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. ఆ కొవ్వు తీసేసి దాని స్థానంలో పల్లీ, నువ్వులు, తవుడు నూనెల్లాంటివి పెడితే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. మైదా, చక్కెర పెడితే గుండెకి ఒరిగేదేమీ లేదు. మళ్ళీ అదే ప్రశ్న, దాని బదులు ఏం తింటున్నారు?

పెదనాన్నగారి కొబ్బరినూనెలో నూటికి 90 వంతుల దాకా సంతృప్త కొవ్వే. అది వేరే రకం, నేరుగా లివర్‌కి వెళ్ళి ఖర్చైపోతుంది అని వీడియోల్లో చెప్తున్నారు. పరిశోధనల్లో ఆ గుణం కనపడింది ఎంసీటీ అనే వేరే నూనెకి, అందులో ఉండేవి కాప్రిలిక్, కాప్రిక్ అనే పొట్టి కొవ్వు ఆమ్లాలు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, అది ఎక్కువగా మామూలు కొవ్వుల దారిలోనే వెళ్తుంది. మిగతా వంటనూనెలతో పోల్చిన పరీక్షల్లో కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ని పెంచుతుందనే తేలింది. కేరళ వాళ్ళు తింటున్నారు కదా అంటే, వాళ్ళు దాంతో పాటు చేపలూ తింటున్నారు, అక్కడా గుండె జబ్బులున్నాయి. మీ నాన్నగారికి వంటనూనెగా అది వద్దు. ఎప్పుడైనా ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి చేస్తే రెండు స్పూన్లు వేసుకోవచ్చు.

నెయ్యిలో సంతృప్త కొవ్వు నూటికి 60 దాటే ఉంటుంది. ఒక స్పూనులో మూడు గ్రాములు. పప్పన్నంలో రోజుకి ఒక్క స్పూను నెయ్యి వేసుకుంటే కొంపలేమీ మునగవు. ఆ నాలుగు స్పూన్లలో అదొకటని లెక్క పెట్టుకోవాలి, అంతే. మందనుకుని పొద్దున్నే పరగడుపున తాగడం మాత్రం ఆయన చేయకూడదు.

నూనె గురించి ఇంత అడిగిన మీరు పాల గురించి ఒక్క మాటా రాయలేదు. మన ఇళ్ళలో సంతృప్త కొవ్వు నూనె కంటే ఎక్కువగా వచ్చేది తరచుగా పాల గిన్నెలోంచే. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, గేదె పాలలో ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. మీ నాన్నగారు రెండు కాఫీలు, రెండు పూటలా గడ్డపెరుగు కలిపి రోజుకి అర లీటరు వాడుతున్నారనుకోండి. 30 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్తం 20 గ్రాములకి దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనిషికి చెప్పే హద్దు మొత్తం క్యాలరీల్లో పదో వంతు, అంటే 2000 క్యాలరీలకి 22 గ్రాములు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి మేము 15 దాటనివ్వం. అంటే కూరలో చుక్క నూనె లేకుండా తిన్నా, పెరుగుతోనే ఆయన హద్దు దాటేశారు. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5. ప్యాకెట్ రంగు కంపెనీకో రకంగా ఉంటుంది, పేరు చదివి కొనండి. డబుల్ టోన్డ్ పాలతో తోడుపెట్టిన పెరుగు పల్చగా ఉందని వారం రోజులు సణుగుతారు, తర్వాత అలవాటైపోతుంది. మా ఇంట్లో అలాగే అయింది. ఊరినుంచి గేదె పాలు వస్తుంటే కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి మీగడ రెండుసార్లు తీసేయండి. తీసిన మీగడ వెన్నగా మారి మళ్ళీ ఆయన కంచంలోకే రాకుండా చూసుకోండి.

వంటకి ఏ నూనె అంటే నేను చెప్పేది రెండు రకాలు ఉంచుకోమని. ఒకటి పల్లీ నూనె గానీ తవుడు నూనె గానీ, రెండోది నువ్వుల నూనె. పల్లీ నూనెలో దాదాపు సగం ఏక అసంతృప్తం, వేపుళ్ళ వేడికి తట్టుకుంటుంది. నువ్వుల నూనెలో ఏక, బహుళ అసంతృప్తాలు ఇంచుమించు సమానం. నూనె అనే మాటే నువ్వుల నెయ్యి అనే అర్థంలో పుట్టింది, మనకి అంత పాత చుట్టం అది. సన్‌ఫ్లవర్, కుసుమ నూనెల్లో ఒమేగా 6 బాగా ఎక్కువ. అవి విషమేమీ కాదు, ఎల్‌డీఎల్ తగ్గిస్తాయి కూడా, కాకపోతే ఏళ్ళ తరబడి అదొక్కటే వాడొద్దంటాను. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉంటే దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి, గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు.

అన్నయ్య తెచ్చిన గానుగ నూనె వాడుకోవచ్చు. రిఫైనింగ్‌లో కొవ్వు ఆమ్లాల పాళ్ళు పెద్దగా మారవు. మారేది రంగు, వాసన, కొంత విటమిన్ ఇ, ఇంకొన్ని మంచి పదార్థాలు. గానుగలో అవి మిగులుతాయి. కానీ గానుగలో ఇంకోటి కూడా మిగలొచ్చు. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, లివర్‌కి చాలా చెడ్డది. రిఫైనింగ్‌లో అది పోతుంది, గానుగ నూనెలో పోదు. అందుకని ఆ గానుగకి ఒకసారి మీరే వెళ్ళండి. ఆడించడానికి పెట్టిన బస్తాలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు పల్లీలు తీసి చూడండి. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, పచ్చటి బూజు పొడి అంటినవి కనపడితే అక్కడ కొనొద్దు. పల్లీలు మీరే ఏరి ఇచ్చి ఆడించుకునే వీలుంటే అంతకంటే మంచిది లేదు.

వేయించగా మిగిలిన నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి, పూరీలు చేశాక మిగిలింది ఒకటి రెండు రోజుల్లో పోపులకి వాడేయండి. బయట బజ్జీల బండి దగ్గర పొద్దుటి నూనె సాయంత్రం దాకా కాగుతూనే ఉంటుంది. కాగిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నియమం పెట్టింది, బండి దగ్గర కొలిచేదెవరు? ట్రాన్స్ కొవ్వుల విషయంలో మాత్రం మంచి జరిగింది. నూనెని హైడ్రోజన్‌తో గట్టిపరిచి వనస్పతి చేసినప్పుడు ఆ వంపు కర్రలు కొన్ని తిన్నగా సాగిపోతాయి, అదే ట్రాన్స్ కొవ్వు. ఎల్‌డీఎల్‌ని పెంచి హెచ్‌డీఎల్‌ని తగ్గించే కొవ్వు అది. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదు. అయినా బేకరీ పఫ్‌లు, క్రీమ్ బిస్కట్లు ఆయనకి వద్దు, అందులో ఇప్పుడు పామ్ నూనె, మైదా, చక్కెర కలిసి ఉంటాయి.

ఒమేగా 3 మన వంటనూనెల్లో దాదాపు లేనట్టే. మీరు చేపలు తినేవాళ్ళయితే కవళ్ళు, కానాగంతలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. ఖరీదైన చేపలకంటే ఈ చవక సముద్రపు చేపల్లోనే అది ఎక్కువ. తినకపోతే అవిసె గింజలు వేయించి పొడి కొట్టి రోజుకి పెద్ద చెంచాడు అన్నంలోనో మజ్జిగలోనో కలిపి ఇవ్వండి, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం రెండు గ్రాముల దాకా వస్తుంది. గింజ పళంగా మింగితే అలాగే బయటికి పోతుంది. పొడి వారానికి సరిపడా మాత్రమే కొట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఎక్కువ రోజులుంటే వాసన మారిపోతుంది. చేపల్లో ఉండే రకంగా అవిసెలది మన ఒంట్లో కొంచెమే మారుతుంది, అయినా ఉపయోగమే. క్యాప్సూల్స్ మాత్రం డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకండి.

రేపట్నుంచి అమ్మగారు చేయాల్సింది చెప్తాను. పొద్దున్నే నాన్నగారి వాటా నాలుగు స్పూన్లు చిన్న గిన్నెలో కొలిచి పక్కన పెట్టుకోవాలి, ఆయనకి వండేవన్నీ అందులోంచే. అన్నం ఇప్పుడు పెడుతున్నదాంట్లో మూడో వంతు తగ్గించి, ఆ ఖాళీలో పోపు పెట్టిన కూర, గట్టిపప్పు పెంచాలి. సాయంత్రం బిస్కట్ల బదులు గుప్పెడు వేయించిన పల్లీలో, ఉడికించిన సెనగలో ఇవ్వండి. డాక్టరు చెప్పిన రోజుకి మళ్ళీ రక్తపరీక్ష చేయించి, ఎల్‌డీఎల్‌తో పాటు ట్రైగ్లిజరైడ్లు కూడా పక్కపక్కన రాసుకుని చూడండి.

ఆవకాయ మానక్కర్లేదు. అందులో వేసేది పప్పునూనే, అంటే నువ్వుల నూనె, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. నా భయం ఉప్పు గురించి. ఇంకోటి, ఆవకాయ కలిపితే ముద్ద వెంట ముద్ద దిగుతుంది, అన్నం ఎంత తిన్నదీ తెలియదు. వారానికి రెండు రోజులు ఒక్క ముక్క, దానికి అంటుకుని వచ్చిన గుజ్జు వరకు పెట్టండి. పైన తేలిన నూనె జాడీలోనే ఉండనివ్వండి. అన్నం ముందే కొలిచి వడ్డించండి, ఆ పూట పెరుగన్నంలో ఉప్పు వేయకండి.